ఇరవై ఏడో స్లాటులో లారీ

ఆ ఆదివారం ఉదయం మాస్టారి భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా ఫ్లాస్కు నిండా టీ పోసుకుని ఎదురు ఫ్లాటుకు వెళ్ళాలి. బెల్లు కొట్టాలి. తలుపు తెరుచుకోగానే, "వదినా, తప్పు నాదే" అనాలి. మొత్తం మూడు మాటలు. ఈ మూడు మాటలనూ ఆవిడ నాలుగు నెలలుగా గిన్నెలు తోమేటప్పుడూ, బట్టలు ఆరేసేటప్పుడూ సాధన చేస్తూనే ఉంది. గిన్నెల ముందు ఎన్నడూ తడబడలేదు. ఎదురింటి గుమ్మం ముందుకు వెళ్ళేసరికి మాత్రం చెయ్యి బెల్లు మీదికి పోకుండా, వాళ్ళ చెప్పుల స్టాండు సర్దడానికి పోయేది. నాలుగు నెలలుగా తమ చెప్పులు జతలు తప్పకుండా ఎలా ఉంటున్నాయో ఎదురింటివాళ్ళకు అంతుపట్టి ఉండదు.

ఇవాళ ఇక తప్పదు. పదిన్నరకు ఎదురింటివాళ్ళ లారీ వస్తుంది. పన్నెండుకల్లా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి, ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊరికి వెళ్ళిపోతారు. రేపు ఉదయం పదింటికి వదిన అక్కడి కాలేజీ లైబ్రరీలో ఉద్యోగంలో చేరాలి. యాభయ్యో ఏట మొదటి ఉద్యోగం. ఈ సంగతులేవీ వదిన స్వయంగా చెప్పలేదు. లిఫ్టులో ఎవరితోనో ఫోనులో చెబుతుంటే, మాస్టారి భార్య గోడకేసి చూస్తూ శ్రద్ధగా వింది.

వదిన అంటే చుట్టరికమేమీ కాదు. తొమ్మిదేళ్ళ క్రితం ఎదురెదురు ఫ్లాటుల్లో దిగిన రోజున, ఎవరు ఎవరిని ఏమని పిలవాలో తేలక ఇద్దరూ ఒకేసారి "వదినా" అనేశారు. అదే ఖాయమైపోయింది.

మాస్టారు బడిలో లెక్కలు చెబుతారు. మొదటి ఎనిమిదేళ్ళూ ఆయనకు కారు లేదు కాబట్టి కింద ఆయన వంతుకు వచ్చిన ఇరవై ఏడో నంబరు స్లాటు ఖాళీగా ఉండేది. పదకొండు గంటల వేళ వదినలిద్దరూ చెరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని అక్కడ కూర్చునేవారు. పైన నీడ, పక్కన ఆనుకోవడానికి స్తంభం, ఎదురుగా గేటు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ కనిపిస్తారు. వాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి అంతకన్నా అనువైన చోటు ఆ నాలుగు బ్లాకుల్లోనూ లేదు. ఎదురింటికి ఎవరైనా బండి మీద వస్తే అక్కడే పెట్టేవారు. కుర్చీలు కాస్త పక్కకు జరిగేవి, మాటలు ఆగేవి కావు.

ఆ తర్వాత మాస్టారు కారు కొన్నారు. ఆ తర్వాత నివాసుల సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి జరగకపోయినా గొడవే లేదు. లెక్కల మాస్టారి చేతికి అధికారం వస్తే ఏం చేస్తారు? పార్కింగుకు నిబంధనలు రాశారు. నలభై రెండు రాశారు. ఒక్కో స్లాటుకు ఒకే బండి నంబరు. ఆ నంబరు వేసిన కార్డు బండి అద్దం వెనక కనబడాలి. వేరే బండి కనబడితే, సంఘం కుదుర్చుకున్న ప్రైవేటు పార్కింగ్ సంస్థ మనిషి వచ్చి ఫోటో తీసి, పది నిమిషాలు ఆగి, అప్పటికీ అది కదలకపోతే చక్రానికి పసుపు రంగు ఇనప తాళం బిగిస్తాడు. అతన్ని అందరూ తాళాలాయన అంటారు. మహా మర్యాదస్తుడు. చుట్టుపక్కల మనిషి లేకపోతే తాళం వేసే ముందు బండికే సారీ చెబుతాడని వినికిడి.

నాలుగు నెలల క్రితం ఒక పొద్దున మాస్టారి భార్య, భర్తతో కలిసి కారులో వెళ్ళి కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి తమ స్లాటులో ఎవరిదో బూడిద రంగు కారు ఉంది. ఆవిడ సంస్థకు ఫోను చేసింది. తాళాలాయన వచ్చాడు, పది నిమిషాలు ఆగాడు, తాళం బిగించాడు. అప్పుడు లిఫ్టు తెరుచుకుని ఎదురింటి వదిన, ఇస్త్రీ మడత నలగని కొత్త బట్టల్లో, చేతిలో ఫైలుతో బయటికి వచ్చింది. వెనకాల ఆవిడ తమ్ముడు. కారు ఆ తమ్ముడిది. దగ్గర్లోని కాలేజీలో లైబ్రేరియన్ ఉద్యోగానికి ఆ రోజు తొమ్మిదింటికి ఇంటర్వ్యూ. అక్కను దింపడానికి వచ్చిన తమ్ముడు, పాత అలవాటు కొద్దీ కారు ఇరవై ఏడులో పెట్టి పైకి వెళ్ళాడు.

అయ్యో అనాల్సిన చోట మాస్టారి భార్య నోటికి మరో మాట వచ్చింది. "ముందు చెప్పి పెట్టుకోవాలి కదా వదినా."

అక్కడ మొదలైంది. ఎనిమిదేళ్ళుగా ఎవరు ఎవరి చోట్లో కూర్చున్నారో, ఎవరి కుర్చీ ఎవరు విరగ్గొట్టారో అన్నీ బయటికి వచ్చాయి. ఇంటర్వ్యూ పోయింది. ఆ సాయంత్రం, ఇంకా చల్లారని కోపంతో మాస్టారి భార్య సంస్థవాళ్ళ ఫారం నింపింది. ఫారం అడుగున చిన్న గడి. 'ఇకపై ఈ స్లాటులో వేరే వాహనం కనబడిన ప్రతిసారీ, గడువు ఇవ్వకుండా తాళం వేయవలెను.' కోపంలో ఉన్న మనిషికి ఖాళీ గడి కనబడితే టిక్కు పెట్టకుండా ఎలా ఉంటుంది? పెట్టింది. రెండు రోజుల్లో ఆ సంగతి మరిచిపోయింది. ఫారం మాత్రం మరిచిపోలేదు.

సరే, ఈ ఆదివారానికి వద్దాం. పదింటికి ఆవిడ ఫ్లాస్కుతో ఎదురు గుమ్మం ముందు నిలబడింది. చెప్పుల స్టాండు అప్పటికే లారీ కోసం సర్దేశారు. చెయ్యి ఎటు పోవాలో తెలియక గాల్లో నిలిచిపోయింది. అంతలో కింద హారను వినబడింది. లారీ ఇరవై నిమిషాలు ముందే వచ్చేసింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయి, ఫ్లాస్కుతో సహా మెట్లు దిగి పరుగెత్తింది.

"అమ్మా, బండి ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు లారీ డ్రైవరు.

అప్పుడు ఆవిడకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. క్షమించమని అడగడం కంటే కారు జరపడం సులువు. తమ స్లాటు లిఫ్టుకు నాలుగు అడుగుల దూరం. లారీ అక్కడ ఆగితే సామాను మోసేవాళ్ళకు సగం శ్రమ తప్పుతుంది. ఏ చోటు కోసం పోట్లాడిందో ఆ చోటే ఇచ్చేస్తే, అంతకన్నా పెద్ద సారీ ఏముంటుంది?

"ఏమండీ! కారు తీసి అతిథుల స్లాటులో పెట్టండి!" అని కింది నుంచి కేకేసింది.

మాస్టారు బాల్కనీలోకి వచ్చారు. "అతిథుల స్లాటు అతిథులకోయ్. మనం నివాసులం."

"గంటసేపు అతిథులమనుకోండి."

మాస్టారు గొణుక్కుంటూనే దిగి, కారు జరిపి పైకి వెళ్ళిపోయారు. లారీ వెనక్కి వెనక్కి వచ్చి ఇరవై ఏడులో దూరింది. సగం ముక్కు బయటికే ఉండి పక్కనున్న ఇరవై ఎనిమిదో స్లాటుకు అడ్డం పడింది. అది ఎదురింటివాళ్ళదే కాబట్టి ఇబ్బందేమీ లేదనుకున్నారు. మాస్టారి భార్య ఇంకో అడుగు ముందుకు వేసి, తమ కారులోని కార్డు తీసి లారీ అద్దం వెనక పెట్టింది. ఎవరైనా ఏమైనా అనకుండా ఉంటారని జాగ్రత్త.

పైన బాల్కనీలోంచి ఇదంతా చూస్తున్న వదిన, ఒక్క క్షణం ఆగి, తల కొంచెం ఊపింది. పూర్తి ఊపు కాదు, అర ఊపు. నాలుగు నెలల్లో అదే మొదటిది. మాస్టారి భార్య ఆ అర ఊపును పట్టుకుని పైకి వెళ్ళి, చల్లారిన టీ పారబోసి మళ్ళీ పెట్టింది. సామాను ఎక్కించడం అయ్యాక, కింద, పాత చోటులోనే ఆ మూడు మాటలూ చెబుదామని నిర్ణయించుకుంది.

పదకొండున్నరకు ఎక్కించడం పూర్తయింది. సామాను మోసినవాళ్ళు మరో ఇంటి పనికి వెళ్ళిపోయారు. ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని లిఫ్టు దిగుతుండగా 'ఖణేల్' మని శబ్దం వినిపించింది. ఆ సముదాయంలో ఉండేవాళ్ళెవరికీ ఆ శబ్దం ఏమిటో చెప్పనక్కర్లేదు.

లారీ ముందు చక్రానికి పసుపు తాళం. అద్దం మీద కాగితం. పక్కన, ఆదివారపు తనిఖీకి వచ్చి, చేతులు దులుపుకుంటూ తాళాలాయన. ఎదురుగా, చేతిలో ఆఖరి సంచితో ఎదురింటి వదిన. ఆవిడ కాగితం చదువుతోంది. అందులో పెద్ద అక్షరాలతో 'ఫిర్యాదు చేసినవారు: 27' అని ఉంది.

వదిన నెమ్మదిగా ఇటు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"మళ్ళీనా వదినా?"

మాస్టారి భార్య తాళాలాయన మీదికి తిరిగింది. "ఇదేంటయ్యా! లారీని నేనే పెట్టమన్నాను. ఇది నా స్లాటు!"

"తెలుసమ్మా. ఫిర్యాదు కూడా మీదే కదమ్మా. స్లాటూ మీదే, ఫిర్యాదూ మీదే. మధ్యలో నేను తాళం వేసేవాణ్ణి, అంతే."

"నేనెప్పుడు చేశాను?"

అతను సంచిలోంచి ఫైలు తీసి, కాగితాలు తిరగేసి, వినయంగా చూపించాడు. "ఇదిగోనమ్మా. నాలుగు నెలలైంది. గడువు కూడా వద్దన్నారు. టిక్కు బాగా గట్టిగా పెట్టారమ్మా, కింది కాగితం మీద కూడా అచ్చు పడింది."

వదిన ఆ టిక్కును చూసింది. తారీఖు చూసింది.

"మరి కార్డు పెట్టాను కదా!" అంది మాస్టారి భార్య, మునిగేవాళ్ళు ఏది దొరికితే అది పట్టుకున్నట్టు.

"అది ఇంకో ఇబ్బందమ్మా. కార్డు మీద కారు నంబరుంది. బండేమో లారీ. ముప్పై ఒకటో నిబంధన. కార్డు నేను తీసుకోవాలి. సారీ అమ్మా." కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. "మీ కారు ఎక్కడుందమ్మా?"

"అదిగో, అతిథుల స్లాటులో."

"అందులో కార్డుందా?"

"కార్డు నీ జేబులో ఉంది కదయ్యా!"

"అయితే లేనట్టేనమ్మా," అని బాధగా నిట్టూర్చి, వ్యానులోంచి రెండో తాళం తీశాడు.

రెండో 'ఖణేల్' కు మాస్టారు నిబంధనల పుస్తకంతో దిగారు. ఎదురింటి వదిన భర్త కూడా వచ్చాడు. ఆయనది కళ్ళద్దాల వ్యాపారం. భార్యకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందనగానే, "చూపు మందగించని ఊరంటూ ఉండదు కదా" అని షాపు సామాను కట్టేసిన నిదానస్తుడు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మాస్టారూ, మీరు రాసిన నిబంధనలే కదా. ఓ గీత కొట్టేసి మమ్మల్ని పంపెయ్యండి."

"మనిషిని బట్టి మారితే అది నిబంధన ఎలా అవుతుంది బావగారూ? మీరే చెప్పండి."

"మన కారుకి కూడా వేశాడండీ," అంది భార్య.

"మన కారుకా?" మాస్టారి మొహంలో నిబంధనల పట్ల మొదటిసారిగా ఒక అనుమానం తొంగి చూసింది. వెంటనే తేరుకున్నారు. "సరే. నువ్వు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాసివ్వు. అది... పంతొమ్మిదో నిబంధన..." పేజీ తిప్పారు. చదివారు. పుస్తకం మూయబోయారు.

"ఏముందండీ అందులో?"

"మూడు పనిదినాల తర్వాత అమల్లోకి వస్తుంది."

"ఇవాళ ఆదివారం!"

"అంటే బుధవారం సాయంత్రానికి," అన్నారు మాస్టారు, కూడిక మాత్రం తప్పకుండా. "పొద్దున ఫిర్యాదు చేసి సాయంత్రానికి రాజీ పడిపోయేవాళ్ళు ఉంటారని రాశాను. తాత్కాలిక ఆవేశాలకు తావుండకూడదని..."

"ఆవేశం తాత్కాలికమే మాస్టారూ. మీ నిబంధనే పర్మనెంటు," అన్నాడు కళ్ళద్దాలాయన.

"జరిమానా ఏదో కట్టేస్తాం, వదిలెయ్యవయ్యా," అంది మాస్టారి భార్య.

తాళాలాయన నొచ్చుకున్నాడు. "జరిమానాతో పోయే తప్పు కాదమ్మా ఇది. ఫిర్యాదు ఉన్నంతకాలం తీయకూడదు. మీ వారే రాశారు, చాలా గట్టిగా రాశారు. మా ఆఫీసులో అందరం మెచ్చుకున్నాం."

వదిన అప్పటిదాకా లారీ తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. ఇప్పుడు మెల్లిగా అంది. "లారీ ఉంటే ఉండనీండి. మనం కారులో పోదాం. నేను రేపు పదింటికి అక్కడ ఉంటే చాలు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అప్పుడు ఆవిడే మళ్ళీ అంది. "నా సర్టిఫికెట్లు బీరువా లాకర్లో ఉన్నాయి."

డ్రైవరు తల గోక్కున్నాడు. "బీరువా అన్నింటికన్నా ముందు ఎక్కించామమ్మా. బరువు సామాను లోపలికి కదా పోవాలి. దాన్ని అందుకోవాలంటే ఫ్రిజ్జు, మంచాలు, అరవై డబ్బాలు దించాలి. మనుషులేమో పోయారు."

"ఒరిజినల్స్ లేకుండా చేర్చుకోరు," అంది వదిన. లెటరులో గీత గీసి మరీ రాశారట.

కళ్ళద్దాలాయన కనీసం కారునైనా బయటికి తీద్దామని ఇరవై ఎనిమిదిలోకి వెళ్ళాడు. లారీ ముక్కు అడ్డం. ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు, మళ్ళీ ముందుకు. అలా కారు పావుగంట ఊగింది గానీ బయటికి రాలేదు. తాళాలాయన గడియారం చూసుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు. పన్నెండయింది. ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఎదురింటివాళ్ళు వారం క్రితమే రాసిచ్చారు, పన్నెండు తర్వాత ఆ స్లాటు వాళ్ళది కాదు.

"పన్నెండూ ఒకటి సార్," అన్నాడు తాళాలాయన, తనకే ఆ కష్టం వచ్చినట్టు మొహం పెట్టి. "కాస్త దిగుతారా?"

మూడో 'ఖణేల్' కూడా వినబడింది. మూడు బండ్లు, మూడు పసుపు తాళాలు. మాస్టారు పుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. పరీక్షకు ముందు పిల్లలు తిరగేసినట్టు ఉంది ఆ తిరగేయడం. కళ్ళద్దాలాయన దిగి, ఎవరి వంకా చూడకుండా గేటుదాకా నడిచి వెళ్ళి తిరిగి వచ్చాడు.

డ్రైవరు లారీ వెనక చివర కట్టిన ప్లాస్టిక్ కుర్చీ విప్పి, "కూచోండమ్మా, ఎంతసేపని నిలబడతారు," అని వదినకు వేశాడు. పాత నీలం కుర్చీ అది. వదిన కూర్చుంది. మాస్టారి భార్య పైకి వెళ్ళింది. ఇక రాదనుకున్నారు. తన తెల్ల కుర్చీ చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. లారీకీ స్తంభానికీ మధ్య మిగిలిన సందులో, నీలం కుర్చీ పక్కన వేసుకుని కూర్చుంది. ఎదురుగా ఎప్పటిలాగే గేటు. లారీ ముక్కు అడ్డం పడడంతో చూడ్డానికి మాత్రం లారీ తప్ప ఇంకేమీ లేదు.

"వదినా, తప్పు నాదే."

నాలుగు నెలల సాధన ఒక్క ఊపిరిలో అయిపోయింది.

"ఏ తప్పు? ఇవాళ్టిదా, అప్పటిదా?"

"రెండూనూ."

"ఇవాళ్టిది నీ తప్పు కాదులే. లారీ పెట్టిస్తున్నప్పుడు నీ మొహం చూశాను కదా. ఆ కాగితం చదివాక ఒక్క నిమిషం నిజంగానే అనుకున్నాను, కావాలని చేసిందని. ఆ నిమిషానికి నేను సారీ."

"టిక్కు పెట్టింది నేనే వదినా. కోపంలో."

"చూశాను. బాగా కోపంగానే ఉన్నావు." వదిన తన కుర్చీని కాస్త దగ్గరికి జరుపుకుంది. "నేనొకటి చెబుతాను, ఎవరికీ చెప్పకు. మా ఆయనకు కూడా తెలీదు. ఆ రోజు నేను టాక్సీ ఎక్కి వెళ్ళిపోవచ్చు. మా తమ్ముడు మొత్తుకుంటూనే ఉన్నాడు, అక్కా టాక్సీ పిలుస్తాను, పద అని. ఉండరా, ముందు ఈవిడ సంగతి తేల్చుకుని వస్తానన్నాను. నలభై నిమిషాలు తేల్చుకున్నాను నీతో. నీ సంగతి తేలలేదు, ఇంటర్వ్యూ మాత్రం అయిపోయింది."

"నలభై నిమిషాలా?"

"నువ్వు కూడా ఏమీ తగ్గలేదు మరి."

ఇద్దరికీ నవ్వు రాబోయి, సగంలో ఆగింది. మాస్టారి భార్య ఫ్లాస్కు మూత తిప్పుతూ అడిగింది. "ఆ ఉద్యోగం వచ్చుంటే?"

"ఇక్కడే ఉండేవాళ్ళం. నడిచి వెళ్ళొచ్చేదాన్ని. పదకొండింటికి కుదరదు గానీ, సాయంత్రం ఐదింటికి వచ్చి ఇక్కడే కుర్చీ వేసుకునేదాన్ని." వదిన మాట మామూలుగానే ఉంది. "అది పోయిందని ఏడ్చి ఏడ్చి, కసితో ఎక్కడెక్కడికో దరఖాస్తులు పెట్టాను. ఇది వచ్చింది. దానికన్నా మంచిదే. పెద్ద లైబ్రరీ. నీకు థాంక్స్ చెబుదామని ఎన్నోసార్లు తలుపుదాకా వచ్చాను కూడా."

"మరి బెల్లు కొట్టలేదేం?"

"థాంక్స్ చెబితే కోపం పోయినట్టే కదా. ఇంకొన్నాళ్ళు ఉంచుకుందామనిపించేది. మీ పూలకుండీలకు నీళ్ళు పోసి వెళ్ళిపోయేదాన్ని."

ఈ మధ్య కొన్ని వారాలుగా ఆ కుండీల్లో నీళ్ళు ఎవరు పోస్తున్నారా అని మాస్టారి భార్య తలుపు వెనక నిలబడి ఆలోచించిన రోజులున్నాయి. మాస్టారే అనుకుని, ఆయన మీద కాస్త ప్రేమ కూడా పెంచుకుంది. ఇప్పుడు అది కూడా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

"రేపు కూడా నా మూలంగానే పోతుంది," అంది చివరికి.

"ఊరుకో వదినా. పోనీ, ఈ లారీని నువ్వే ఉంచేసుకో. నీ బండైతే నీ స్లాటులో ఎవడు తాళం వేస్తాడు?" అని వదిన కళ్ళు తుడుచుకుంది, నవ్వుతూనో మరెలాగో.

మాస్టారి భార్య లేచి నిలబడింది. ఫ్లాస్కు మూత దొర్లుకుంటూ లారీ కిందికి పోయింది.

"ఏమండీ! మన కొత్త కారు కోసం మీరు ఓ నిబంధన రాసుకున్నారు చూడండి. కొత్త బండి ఒక్క పూట కూడా బయట ఉండకూడదని. ఎన్నోది అది?"

"ఎనిమిదోది," అన్నారు మాస్టారు పుస్తకం చూడకుండానే. "స్లాటుకు నమోదైన వాహనమును మార్చదలచినచో, కార్యదర్శి సంతకము చేసిన తక్షణమే మార్పు అమల్లోకి వచ్చును. ఏడాదికి ఒక్కసారి మాత్రమే. ఎందుకు?"

"ఇరవై ఏడుకి ఈ లారీ నంబరు రాయండి."

మాస్టారు లారీని ఒకసారి, భార్యను ఒకసారి చూశారు. "ఈ లారీ మనది కాదోయ్."

"మనదై ఉండాలని రాశారా అందులో?"

ఆయన పేజీ తిప్పి చదివారు. "కుటుంబ అవసరమునకు వినియోగించు వాహనము... అని ఉంది."

"మరి ఇంతకన్నా కుటుంబ అవసరం ఏముంటుంది?"

"నాకు లారీ నడపడం రాదు!"

"రావాలని నిబంధన ఉందా?"

నలభై రెండింటినీ మనసులో ఒకసారి తిప్పుకుని, "లేదు," అన్నారు మాస్టారు. ఆయన మొహం తప్పు కూడిక కింద సంతకం పెట్టమన్నట్టు ఉంది. "ఏడాదిదాకా మళ్ళీ మార్చడానికి వీలుండదు. మన కారు సంగతేంటి?"

"రోడ్డు మీద ఉంటుంది. నాలుగు నెలల కిందట కోపంలో నేనో టిక్కు పెట్టానండీ. ఇవాళ మీరో సంతకం పెట్టండి."

మాస్టారు లారీ బానెట్టు మీదే కాగితం పెట్టి, డ్రైవరును నంబరు అడిగి, దరఖాస్తు రాసి, భార్యతో సంతకం చేయించి, దాని కింద తన సంతకం చేశారు. ఇన్నేళ్ళ వివాహ జీవితంలో ఆయన రాసినవాటిలో అదొక్కటే ఆవిడ రెండుసార్లు చదివింది.

తాళాలాయన మూడుసార్లు చదివాడు. కాగితం చూశాడు, లారీ చూశాడు, మాస్టారిని చూశాడు. నిబంధనల్లో ఎక్కడా లొసుగు దొరకలేదు. మోకాళ్ళ మీద కూర్చుని తాళం తీసి, "కొత్త బండి బాగుందమ్మా," అని మర్యాదగా అభినందించాడు.

ఇక ఏ స్లాటూ లేని బండి కాబట్టి, రోడ్డు మీదికి తీస్తే చాలని మాస్టారి కారు తాళం కూడా తీశాడు. కళ్ళద్దాలాయన కారు తాళం మాత్రం వీడలేదు. ఖాళీ చేసినవాళ్ళ బండ్ల సంగతి ఆఫీసు చూడాలట, దానికి కూడా బుధవారమే. అందుకని వదిన లారీ ముందు సీట్లోకి ఎక్కింది. అంత ఎత్తులో కూర్చుంటే ఆవిడ పాదాలు మాస్టారి భార్య మొహానికి సూటిగా వచ్చాయి. మాస్టారి భార్య ఫ్లాస్కు పైకి అందించింది.

"మూత లేదు. జాగ్రత్త."

"ఆ నీలం కుర్చీ ఇక్కడే ఉంచు వదినా," అంది వదిన కిటికీలోంచి. "లారీ ఎలాగూ నీదే. సామానొక్కటే నాది."

లారీ కదిలింది. గేటు దాటేదాకా వదిన చెయ్యి బయటే ఉంది. తర్వాత గేటు మూసుకుంది. మాస్టారి భార్య వంగి మూత తీసుకుంది. టైరు కింద పడి అది పళ్ళెంలా చదునైపోయింది.

మర్నాడు పది దాటాక ఫోను వచ్చింది. చేరిపోయిందట. లోపల వేలకొద్దీ పుస్తకాలు, మంచి వెలుతురు. కాకపోతే కిటికీలోంచి గేటు కనబడదట.

కళ్ళద్దాలాయన బుధవారందాకా మాస్టారింట్లోనే ఉన్నాడు. ఊరికే కూర్చోలేక, కారు డిక్కీలోని అద్దాల పెట్టె తెచ్చి ఇంటిల్లిపాది కళ్ళూ పరీక్షించాడు. మాస్టారికి దూరపువన్నీ స్పష్టంగా కనబడుతున్నాయనీ, దగ్గరవే కనబడడం లేదనీ తేల్చాడు. వెళ్ళేటప్పుడు ఆయనకో కళ్ళజోడు ఇచ్చి వెళ్ళాడు.

మాస్టారి కారు ఇప్పుడు గేటు బయట రోడ్డు మీద, ఎండకూ వానకూ ఉంటోంది. ఇరవై ఏడో స్లాటు రానున్న ఏడాదంతా, తిరిగిరాని ఒక లారీ కోసం ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ చూసి చూసి, ఓ రోజు పదకొండింటికి మాస్టారి భార్య టీ గ్లాసుతో దిగి, తన తెల్ల కుర్చీ, దాని పక్కన నీలం కుర్చీ వేసుకుని కాసేపు కూర్చుంది. ఎదురుగా గేటు. వచ్చేపోయేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, వాళ్ళ గురించి అనడానికి ఏమీ తోచలేదు. గ్లాసు లోపల పెట్టి వద్దామని పైకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి తాళాలాయన కుర్చీల ముందు నిలబడి ఫైలు చూసుకుంటున్నాడు. బుధవారం నాటికి ఎదురింటివాళ్ళ కారు సంగతి తేల్చిన ఆఫీసు, ఇరవై ఏడో స్లాటు ఫిర్యాదును మాత్రం రద్దు చేయలేదు. ఆ హడావిడిలో కాగితం రాసివ్వడం ఎవరికీ గుర్తులేదు.

"ఇవి లారీ కాదు కదమ్మా," అన్నాడు అతను ఎంతో బాధగా.

కుర్చీలకు చక్రాలు లేకపోవడంతో, నోటీసు మాత్రం అంటించి వెళ్ళాడు.